ఆవిడ ఇంట్లోనే ఉంటారు

"నువ్వెళ్ళి తయారవ్వు, ఇవి నేను చూస్తాలే," అంది సుబ్బులు, మూకుట్లోంచి జంతికలు దేవి జల్లెడలో వేస్తూ.

చంద్రిక కిచెన్‌లోనే ఓ పక్క డబ్బాలు పేర్చుకుని లేబుళ్ళు అంటిస్తోంది. "ఇంకా రెండు వాయిలున్నాయి కదత్తయ్యా," అంది.

"ఉంటే ఉన్నాయి. టౌన్ హాలుకి ఈ అవతారంతో వెళ్తావా ఏంటి? ముఖం చూసుకో, నూనె ఓడుతోంది."

నిజానికి నూనె ఓడుతున్నది సుబ్బులు ముఖం. పొద్దున్న కాఫీ తాగిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ స్టవ్ ముందే నిలబడి ఉంది. అది చంద్రికకి కనిపించలేదని అంటే అబద్ధమవుతుంది. కనిపించింది. ఫ్రిజ్జు, మైక్రోవేవు, అత్తగారు, ఇలా రోజూ వాటి చోట అవి ఉండేవాటిని ప్రత్యేకంగా చూడ్డం ఎవరికీ అలవాటుండదు, అంతే. ఆమె లేబుళ్ళ రోలు పక్కన పెట్టి, థాంక్స్ అత్తయ్యా అని వెళ్ళి స్నానం చేసింది. థాంక్స్ అనడం మాత్రం ఆమె ఎప్పుడూ మర్చిపోదు.

ఆ సాయంత్రం టౌన్ హాల్లో చంద్రిక వ్యాపారం మీద విచారణ ఉంది. అమెరికాలో మోరిస్‌విల్‌ని ఆనుకుని ఉన్న ఆ చిన్న టౌన్‌లో ఇళ్ళ మధ్య ఏ వ్యాపారం చేసుకోవాలన్నా జోనింగ్ బోర్డు ఒప్పుకోవాలి. పండగల సీజన్‌కి మాత్రం తాత్కాలిక పర్మిట్ అని ఒకటిస్తారు. అది చేతికొస్తే వినాయక చవితి నుంచి దీపావళి దాకా తన గరాజ్‌లోంచి పిండివంటలు దర్జాగా అమ్ముకోవచ్చు. రాకపోతే గరాజ్ తలుపు దించేసి మళ్ళీ ఏమీ చెయ్యని మనిషి అయిపోవాలి. ఆ రెండోది తల్చుకుంటేనే ఆమెకి ఊపిరాడదు.

ఏమీ చెయ్యని మనిషి అన్నది ఆమె తనకి తాను పెట్టుకున్న పేరు కాదు. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం ఊడిన ఏడాది, తెలిసినవాళ్ళు శ్రీధర్ వాళ్ళింటి గృహప్రవేశానికి వెళ్ళారు. అక్కడ ఎవరో కొత్తాయన "మీరెక్కడ వర్క్ చేస్తారండీ?" అని చంద్రికనే అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు పక్కనుంచి భర్త రాజీవ్ అందుకున్నాడు. "తనిప్పుడేం చెయ్యట్లేదండీ. జస్ట్ ఇంట్లోనే ఉంటోంది." అప్పుడు చంద్రిక చేతిలో పులిహోర గరిటె ఉంది. ఎదురుగా ప్లేట్లు పట్టుకుని పిల్లల వరస ఉంది. ఆ పొద్దున్నే కూతురు అనికని డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళి, ఇన్సూరెన్స్ వాళ్ళతో ఫోన్‌లో గంటసేపు పోట్లాడి, అత్తగారి గ్రీన్‌కార్డు కాగితాలు స్కాన్ చేసి, రాజీవ్ చొక్కాలు ఇస్త్రీ చేసి, ఆ చొక్కాల్లో ఒకటి తొడుక్కున్న మొగుడి పక్కన నిలబడి ఉంది. రాజీవ్‌కి ఆ మాటలో ఏ దురుద్దేశమూ లేదు. ఇవాళ ఎండగా ఉంది అన్నట్టు అన్నాడు. అందుకే ఆమెకి మరీ మండింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. నిజమని నమ్మి మామూలుగా అనేసిన మాటతో ఎవరైనా ఎలా దెబ్బలాడతారు? గరిటె పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఆమెని చాలాకాలం వదల్లేదు.

సుబ్బులు మొన్నటి వసంతంలో వచ్చింది. మావగారు భీమశంకరంగారు పోయాక రేపల్లెలో ఒక్కర్తీ ఎందుకని రాజీవ్ గ్రీన్‌కార్డు తెప్పించి తీసుకొచ్చాడు. వచ్చిన వారానికే అనిక స్కూల్ ఫంక్షన్‌కి జంతికలు చేసింది. వాటిని తిన్న పూజిత, చంద్రికకి ఇక్కడ ఉన్న మంచి స్నేహితురాలు, "మా ఇంటికి కూడా చేసిస్తారా ఆంటీ" అంది. తర్వాత పూజిత ఆఫీస్‌లో వాళ్ళు అడిగారు. తర్వాత గుడిలో వాళ్ళు. చంద్రిక ఓ వాట్సాప్ గ్రూపు పెట్టింది. డబ్బాలు తెప్పించింది. ఫోటోలు తీసి పెట్టింది. ఆర్డర్లు తీసుకోవడం, ప్యాకింగ్, పికప్ టైములు, అలిగిన కస్టమర్లని బతిమాలడం, అన్నీ ఆమే. పని తక్కువేం కాదు. పేరు 'చంద్రికాస్ కిచెన్' అని పెట్టింది. మొట్టమొదటి డబ్బా మీద ఆ లేబుల్ అంటించిన రోజు బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. కిచెన్‌లో అసలు నిలబడేది ఎవరన్న ఆలోచన ఆ పేరు పెట్టేటప్పుడు ఆమెకి రాలేదు. అమ్మకి టైంపాస్ అన్నాడు రాజీవ్. అవును, ఆవిడకి వంటంటే ప్రాణం అంది చంద్రిక.

ఇక గొడవ పక్కింటి డయాన్ దగ్గర మొదలైంది. శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి మనవాళ్ళ కార్లన్నీ ఆ చిన్న వీధిలోకి వచ్చేవి. రెండు నిమిషాలే కదాని ఎక్కడ బడితే అక్కడ ఆపేవాళ్ళు. ఒకరోజు డయాన్ భర్తని డయాలసిస్‌కి తీసుకెళ్ళే వ్యాను ఆ కార్ల మధ్య ఇరుక్కుపోయింది. చంద్రిక ఆ రాత్రే సున్నుండల డబ్బా పట్టుకెళ్ళి క్షమించమంది. డయాన్ డబ్బా తీసుకుంది, బాగున్నాయంది, మర్నాడు టౌన్ వాళ్ళకి రాసింది. ఆవిడ తప్పేం లేదని చంద్రికకీ తెలుసు. టౌన్ వాళ్ళొచ్చి ఇంటి ముందు గడ్డిలో పసుపు రంగు బోర్డు ఒకటి పాతిపోయారు, ఈ ఇంటి మీద జోనింగ్ విచారణ ఉందని. వచ్చేపోయే ప్రతి కారూ అక్కడ స్లో అయ్యేది. "ఆ బోర్డు తీసేదాకా నేను ఈ వీధిలో వాకింగ్‌కి రాను బాబూ, పరువు పోతోంది," అన్నాడు రాజీవ్. వాకింగ్‌కి అతను అంతకుముందూ వచ్చింది లేదు.

*

టౌన్ హాల్లో ఆ సాయంత్రం కుర్చీలు చాల్లేదు. ఎప్పుడూ నలుగురు ముసలివాళ్ళు తప్ప రాని మీటింగులకి అలవాటు పడ్డ బోర్డు మెంబర్లు, పట్టుచీరల్నీ కుర్తాల్నీ చంకల్లో పిల్లల్నీ చూసి బిత్తరపోయారు. ఇదంతా పూజిత నిర్వాకం. 'చంద్రికకి సపోర్ట్‌గా అందరూ తప్పక రావాలి' అని మూడు గ్రూపుల్లో పెట్టింది. వచ్చినవాళ్ళలో ఎవరో, ఒకరింటికి ఉత్తి చేతుల్తో ఎలా వెళ్తామన్న పద్ధతిలో, విచారణ మొదలవకముందే ఒక్కో మెంబరు ముందూ ఒక్కో కజ్జికాయల డబ్బా పెట్టేశారు. గుమాస్తా పిల్ల పరుగున వచ్చి, తీర్పు చెప్పేవాళ్ళు కానుకలు పుచ్చుకోకూడదని మెల్లగా చెప్పి, అన్నీ ఏరి వెనక్కి ఇచ్చింది. చంద్రికకి తల కొట్టేసినట్టయింది. రెండో వరసలో నీలం పట్టుచీరలో కూర్చున్న సుబ్బులు మాత్రం, "పాపం డబ్బాలెందుకు వెనక్కిచ్చారు, వాళ్ళకి స్వీట్లు పడవా?" అని మనవరాలిని అడుగుతోంది.

చంద్రిక తన వంతు బాగానే నిర్వహించింది. పికప్‌లు వేళ ప్రకారం పెడతానంది. ఒకేసారి రెండు కార్లు దాటనివ్వనంది. డయాన్ లేచి, అలా అయితే తనకేం అభ్యంతరం లేదంది. అక్కడితో ఆగితే సరిపోయేది. పూజిత మైకు దగ్గరికి వెళ్ళింది.

"నేను మూడు మాటలే చెప్తాను," అని ముప్ఫై చెప్పింది, గలగలా ఇంగ్లీషులో. "ఇవి షాపులో కొనే స్నాక్స్ కాదు. మా ఆంటీ చేతి వంట. ఆంటీ పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడి, ఒక్కొక్కటీ చేత్తో చేస్తారు. మా పిల్లలకి అమ్మమ్మల్నీ నానమ్మల్నీ గుర్తు చేసేది ఆ రుచే. ప్లీజ్, మా ఆంటీని ఆపకండి."

హాలంతా చప్పట్లు. బోర్డు చైర్‌పర్సన్ తెల్లజుట్టావిడ. కళ్ళజోడు తీసి కాగితం మీదకి వంగింది. అప్లికేషన్‌లో పనిచేసేవారు ఒక్కరే అని ఉంది, మరి ఈ ఆంటీ ఎవరు అని అడిగింది. మనవాళ్ళ తలలన్నీ ఒక్కసారి రెండో వరస వైపు తిరిగాయి. ఇంగ్లీషు అర్థంకాని సుబ్బులు, తనని మెచ్చుకుంటున్నారనుకుని, చీర సర్దుకుని లేచి బోర్డు వాళ్ళకి నమస్కారం పెట్టింది.

చంద్రిక మైకు ముందుకొచ్చింది. ఆలోచించుకోలేదు. ఆలోచించుకునే అవసరం కూడా రాలేదు, మాట నోట్లో సిద్ధంగా ఉంది. "ఆవిడ మా అత్తగారు. షి డజంట్ వర్క్. షి జస్ట్ స్టేస్ ఎట్ హోమ్," అంది. అంతటితో ఆగలేక, "వంట ఆవిడకి హాబీ," అని కూడా అంది.

తెల్లజుట్టావిడ నవ్వింది. మా అమ్మా అంతేనంది. గురువారం జోనింగ్ ఆఫీసర్ ఇంటికొచ్చి చూస్తాడని, చెప్పినట్టే ఉంటే ఆ సాయంత్రమే పర్మిట్ ఇచ్చేస్తారని తేల్చారు. అందరూ వచ్చి చంద్రికని కౌగలించుకున్నారు. సుబ్బులు ఇంకా నిలబడే ఉంది, కూర్చోవచ్చని ఎవరూ చెప్పలేదు.

*

కారులో రాజీవ్ మంచి హుషారుగా ఉన్నాడు. "సూపర్‌గా హ్యాండిల్ చేశావ్ చందూ. లేకపోతే ఎంప్లాయీ అనీ, పేరోల్ అనీ పెద్ద తలనొప్పయ్యేది," అన్నాడు. చంద్రికకి ఆ మెప్పు వినబుద్ధి కాలేదు.

"నా గురించి ఏదో అడిగారుగా," అంది సుబ్బులు వెనక సీట్లోంచి. "అందరూ నా వంక చూశారు. ఏమన్నారే?"

చంద్రిక తల తిప్పేలోపు అనిక జవాబు చెప్పేసింది. పదేళ్ళ పిల్ల, అడిగినదానికి అడిగినట్టు చెప్పడం బళ్ళో నేర్చుకుంది. "నానమ్మా, నువ్వు వర్క్ చేస్తావా అని వాళ్ళు అడిగారు. అమ్మ చెప్పింది, నువ్వు వర్క్ చెయ్యవు అని. జస్ట్ ఇంట్లో ఉంటావ్ అని. కుకింగ్ నీ హాబీ అంట."

"హాబీ అంటే?"

"అంటే... ఫన్ కోసం చేసేది."

"ఓహో," అంది సుబ్బులు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇల్లు చేరాక చీర మార్చుకుని, పొద్దుటి మూకుడు ఇంకా తోమలేదని సింకు దగ్గరికి వెళ్ళింది.

అప్పుడు తెలిసింది చంద్రికకి, ఆ మాట ఎక్కడిదో. పులిహోర గరిటె పట్టుకుని తను నిలబడ్డ చోట విన్న మాట. అదే మాట, అదే మామూలు గొంతుతో, జస్ట్ అన్న ఆ చిన్న ముక్కతో సహా. ఏడాదిపాటు ఆ మాట మీద మొగుణ్ణి మనసులో తిట్టిపోసుకుంది. పూజితకి చెప్పుకుని ఏడ్చింది. ఆ మాట అబద్ధమని నిరూపించడానికే ఇంత వ్యాపారం పెట్టింది. తీరా మైకు దొరగ్గానే దాన్ని ఇంకో ఆడదాని నెత్తిన పెట్టేసింది. ఆవిడ నిలబడి నమస్కారం పెడుతుండగా పెట్టింది. రాజీవ్‌కైనా తను చేసే పని సగం తెలీదు, ఆఫీసులో ఉంటాడు. తనకి ఏం తెలీదని? పొద్దున్నే ఆవిడ వేళ్ళు ముడుచుకోవడం లేదని గోరువెచ్చని నీళ్ళలో పెట్టుకోవడం తెలుసు. మధ్యాహ్నం ఒక కాలి మీద బరువు ఆనించి ఇంకో కాలికి విశ్రాంతినివ్వడం తెలుసు. జంతికల గొట్టం తిప్పేటప్పుడు కింది పెదవి కొరుక్కోవడం తెలుసు. అవన్నీ చూసి, అయ్యో అనుకుని, మర్నాటి ఆర్డర్లు చదివి వినిపించిన మనిషి తనే. ఎందుకు వినిపించింది? ఆవిడ నేను చూస్తాలే అంటుంది కనక. అడక్కుండానే ఆ మాట అనడం ఆవిడకి ఎవరు నేర్పారో, ఎన్నిసార్లు నేర్పితే అలా వచ్చిందో ఆలోచించకుండా ఆ మాటని ఉచితంగా వాడుకుంది. నాకు ఇంట్లో ఎవరి సాయమూ లేదని కొత్త కస్టమర్లకి గొప్పగా చెప్పుకునేది కూడా. ఇప్పుడు తల్చుకుంటుంటే ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోతోంది.

వెళ్ళి మూకుడు తను తోమాలనుకుంది. వెళ్తే ఆవిడ ముఖం చూడాలి. వెళ్ళలేదు.

బుధవారమంతా ఆమె అత్తగారి చుట్టూ తిరిగింది. కాఫీ తనే కలిపిచ్చింది. స్టూలు తెచ్చి స్టవ్ పక్కన వేసి కూర్చుని చెయ్యమంది. కూర్చుంటే చెయ్యి అందదంది సుబ్బులు, నిలబడే చేసింది. నిన్నటి విషయం గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు. ఒక్క మాటంటే, కోపంతో గిన్నె ఎత్తేసినా, చంద్రికకి ప్రాణం కుదుటపడేది. ఆవిడ మామూలుగా ఉంది. మామూలుగానే పిండి కలిపింది, మామూలుగానే ఉప్పు సరిపోయిందేమో చూడమని కోడలి చేతిలో ఓ ముక్క పెట్టింది. చంద్రిక ఆ ముక్క నోట్లో పెట్టుకోకుండానే సరిపోయిందంది.

*

గురువారం రాజీవ్ ఆఫీసునుంచి ఫోన్ చేశాడు. "ఆయనొచ్చే టైంకి అమ్మని కాసేపు ఎక్కడికైనా పంపించు. రిస్క్ ఎందుకు?"

"నేను చెప్పను. కావాలంటే నువ్వు చెప్పు," అంది చంద్రిక.

చెప్పే అవసరం ఎవరికీ రాలేదు. ఆమె ఫోన్ పెట్టేసి వచ్చేసరికి సుబ్బులు కిచెన్ అంతా తుడిచేసింది. నిన్నటి స్టూలు లాండ్రీ రూంలో పెట్టేసింది. హుక్కుకి వేలాడే తన పాత తువ్వాలు తీసేసింది. పొయ్యి పక్కన ఎప్పుడూ ఉండే తన కళ్ళజోడు పెట్టె లేదు. ఆవిడ అక్కడ ఒక్కరోజు కూడా నిలబడలేదన్నట్టుంది ఆ కిచెన్. చీర కింద రాజీవ్ కొనిచ్చిన తెల్ల బూట్లు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఆ చెరువు దగ్గర బెంచీ ఉందిగా, అక్కడ కూర్చుంటా. ఆయన వెళ్ళాక ఫోన్ చెయ్యి," అంది.

"మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదత్తయ్యా."

"పర్లేదులే. నీకు కాగితం రావాలి కదా."

చంద్రిక ఆపలేదు. ఆపాలన్న మనిషి, ఆపకపోతే బాగుండునన్న మనిషి ఇద్దరూ ఆమెలోనే ఉన్నారు, రెండో మనిషే గెలిచింది. కిటికీలోంచి ఆవిడ మెల్లగా, ఒక కాలు కాస్త ఈడుస్తూ, పసుపు బోర్డు పక్కనుంచి వెళ్ళిపోవడం చూసింది.

ఆఫీసర్ పేరు హోల్డెన్. పెద్ద పొట్ట, పెద్ద నవ్వు. గరాజ్ చూశాడు, కార్లు ఆగేచోటు టేపుతో కొలిచాడు, డయాన్‌తో రెండు మాటలు మాట్లాడొచ్చాడు. చివరికి కిచెన్‌లోకి వచ్చి, వరసగా పేర్చిన డబ్బాలు చూసి ఈల వేశాడు. "ఇదంతా ఒక్కరే చేస్తారా? గొప్పే. మామూలుగా ఇంట్లోవాళ్ళ పేర్లు కూడా రాస్తారు అందరూ," అన్నాడు.

"ఇంట్లోవాళ్ళు పనిచెయ్యొచ్చా?" అంది చంద్రిక.

"ఎందుకు చెయ్యకూడదు? ఈ ఇంట్లో ఉంటున్నవాళ్ళు ఎవరైనా చెయ్యొచ్చు. బయటనుంచి మనుషుల్ని పెట్టుకుంటేనే మేం అడ్డం చెప్పేది. మొదటి పేజీలోనే ఉంటుంది చూడండి."

ఉంది. ఆ పేజీ ఆమె చదివింది, రెండుసార్లు చదివింది. కుటుంబ సభ్యులు అన్న చోట వేలు పెట్టి మరీ చదివి, కింద పనిచేసేవారు అన్న చోట ఒకటి వేసింది. భయపడి వెయ్యలేదు, దాచాలనీ వెయ్యలేదు. లెక్కపెట్టుకుంది, ఒకటే వచ్చింది. మైకు ముందు చెప్పింది కంగారులో నోరు జారిన అబద్ధమని రెండు రోజులుగా తనకి తను సర్దిచెప్పుకుంటోంది. ఇప్పుడు ఆ ఊరటా పోయింది. ఆ అబద్ధంతో ఎవరికీ పనే లేదు. ఆవిడ పేరు రాసుంటే చక్కగా పర్మిట్ వచ్చుండేది. రాయాలని తనకి తోచలేదు, అంతే.

"ఏమన్నా మార్చాలా?" అన్నాడు హోల్డెన్. బోర్డుకి చెప్పిన విషయం మారితే మళ్ళీ బోర్డు ముందుకే వెళ్ళాలట. అంటే వచ్చే నెలాఖరు. మార్చేది లేకపోతే సాయంత్రం ఆఫీసు కట్టేసేలోపు సంతకం పెట్టేస్తాడట.

వచ్చే నెలాఖరంటే చవితి ఆర్డర్లు పోతాయి. దసరా సగం పోతుంది. ఇంకో షాపువాళ్ళు ఇప్పటికే గ్రూపుల్లో మెసేజ్‌లు పెడుతున్నారు, అలవాటు తప్పిన కస్టమర్లు మళ్ళీ రారు. "కాసేపట్లో ఫోన్ చేసి చెప్తాను," అంది చంద్రిక. ఆయన కార్డు ఇచ్చి వెళ్ళిపోయాడు.

*

సుబ్బులు బెంచీ మీద, బూట్లు విప్పేసి, పాదాలు గడ్డిలో పెట్టుకుని కూర్చునుంది. నీళ్ళలో బాతులున్నాయి. కోడల్ని చూసి గబగబా బూట్ల కోసం వంగింది.

"అయిపోయిందా? ఇచ్చేశాడా కాగితం?"

"ఉండండి, లేవకండి." చంద్రిక పక్కన కూర్చుంది. వస్తూ దారిపొడుగునా మాటలు కూర్చుకుంది గానీ ఇప్పుడవి రావడం లేదు. "అత్తయ్యా, మొన్న అక్కడ నేను చాలా తప్పు మాట చెప్పాను. మీరేం పని చెయ్యరని."

"ఓ, అదా? పిల్ల చెప్పిందిగా." సుబ్బులు చెయ్యి విసిరింది. "జనాభా లెక్కలవాళ్ళొచ్చినప్పుడు మీ మావయ్యా అదే చెప్పేవారు. వాళ్ళకి ఆయన వీధరుగు మీద కూర్చుని రాయిస్తోంటే నేను లోపల వాళ్ళకే కాఫీలు కలుపుతూ ఉండేదాన్ని. ఇప్పుడు కొత్తా ఏంటి?"

చంద్రిక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అలా అనకండి. నేను సరిచేస్తాను. ఇద్దరం పనిచేస్తామని రాయిస్తాను. మీ పేరు పెట్టిస్తాను. వచ్చేదాంట్లో సగం మీది. ఈ సీజన్ పోతే పోనీండి."

చెప్పేసింది. గుండె తేలికైంది. ఆవిడ ఇప్పుడు తన చెయ్యి పట్టుకుంటుందని, పిచ్చిపిల్లా అంటుందని, ఇద్దరూ కాస్త ఏడ్చి ఇంటికెళ్తారని అనుకుంది. సుబ్బులు బాతుల వంక చూస్తూ మోకాలు రుద్దుకుంటోంది.

"పేరు పెడితే వచ్చే ఏడు కూడా చెయ్యాలా?" అంది చివరికి.

"అంటే?"

"అంటే ఏం లేదు. నాకు వంటంటే ఇష్టం లేదు చంద్రికా."

చంద్రిక ముందు నవ్వబోయింది. ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"అదేంటత్తయ్యా? మీ చేతి వంటంటే అందరూ..."

"అందరికీ ఇష్టం. నాకు కాదు. పెళ్ళైన రోజునుంచీ చేస్తున్నా కదా, చెయ్యడం వచ్చేసింది. బాగోకపోతే ఊరుకునే ఇల్లు కాదు మాది, అందుకని బాగా రావడం కూడా వచ్చేసింది. మీ మావయ్య పోయాక, ఒక్కదాన్నే ఉన్నప్పుడు, రోజూ అటుకుల్లో మజ్జిగ పోసుకుని తినేదాన్ని. ఎంత హాయిగా ఉండేదో." తప్పు చేసినట్టు గొంతు తగ్గించింది. "అబ్బాయికి చెప్పకు. నేను బాగా తినట్లేదనే కదా ఇక్కడికి తీసుకొచ్చాడు."

"మరి ఆ జంతికలు చేసివ్వమని నేనడిగినప్పుడు వద్దని చెప్పొచ్చు కదా నాతో?"

"నువ్వెప్పుడడిగావు?" అంది సుబ్బులు. అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు కనుబొమలు ముడిచింది.

అప్పుడు చంద్రిక మనసులోకి మొట్టమొదట వచ్చింది జాలి కాదు. కోపం. మరి అరిసెల పాకం ఎవరు పడతారు, గ్రూపులో ఒప్పుకున్న ఆర్డర్లన్నీ ఏం కావాలి, లేబుల్ మీద నా పేరు ఏం కావాలి అనే వచ్చింది. సగం ఇస్తానన్నా కాదంటుందా అని వచ్చింది. ఆ కోపాన్ని అలాగే కాసేపు పట్టుకుని కూర్చుని, అది ఎవరి మీదో, ఏ హక్కుతోనో చూసుకునేసరికి మాత్రం చచ్చినంత పనైంది. ఆవిడని లెక్కలో కలపకపోవడం ఒక తప్పు. ఇప్పుడు తను ఇంత ఉదారంగా కలుపుతానన్నది కూడా ఆవిడని ఆ స్టవ్ ముందునుంచి కదలనివ్వకుండా ఉండటానికే. ఇంతా చేసి ఆ ఇంట్లో ఇంకో జత చేతులున్నాయి, రాజీవ్‌వి. వాటి సంగతి ఇన్నాళ్ళలో తనకి గానీ ఆవిడకి గానీ గుర్తే రాలేదు.

సుబ్బులు పాదాలతో గడ్డిని అటూ ఇటూ నిమురుతోంది. రెండు బాతులు ఒడ్డెక్కి ఆవిడ వైపే వస్తున్నాయి. ఆవిడ ముఖం చంద్రిక అంతకుముందెప్పుడూ చూడనంత తీరిగ్గా ఉంది.

"ఇక్కడ చాలా బాగుంది. చేతిలో ఏమీ లేకుండా కూర్చుని ఎన్నాళ్ళయిందో," అంది. అడగొచ్చో లేదో అన్నట్టు కోడలి వంక చూసి, "రేపు కూడా వస్తాడా ఆయన?" అంది.

చంద్రిక కొంగుకోసం వెతుక్కుని, వేసుకున్నది సూటని గుర్తొచ్చి, చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ఫోన్ తీసి కార్డు మీద నంబరు నొక్కింది.

"మిస్టర్ హోల్డెన్, మా అత్తగారు పని చెయ్యరని నేను బోర్డుకి చెప్పాను. అది అబద్ధం. ఇన్నాళ్ళూ వంటంతా ఆవిడే చేశారు. దయచేసి అలాగే రాయండి."

అవతల కాగితాల చప్పుడు. అలా అయితే వచ్చే నెల దాకా ఆగాల్సి ఉంటుంది, ఫర్వాలేదా అన్నాడాయన. ఫర్వాలేదంది. సరే, పనిచేసేవారు ఇద్దరు అని మారుస్తున్నానన్నాడు.

"లేదండీ, ఒక్కరే," అంది చంద్రిక. "ఆవిడ ఇవాళ పని మానేశారు."